పాత అవుట్‌బోర్డ్ ఇంజిన్‌కి టైమింగ్ పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డెక్కేస్తాయి, ఆ రెండు నెలలే మన ఇంజిన్లకి మరమ్మతు కాలం. కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, ఇటు జువ్వలదిన్నె దాకా ఎవరు ఫోన్ చేసినా తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడతన్నా. ఇదంతా బోటు వెనక తగిలించే, తాడు లాగి స్టార్ట్ చేసే పాత టూ స్ట్రోక్ ఇంజిన్లకి. డీజిల్ ఇంజిన్‌కి ప్లగ్గే ఉండదు కాబట్టి దానికి ఈ గొడవ లేదు, కొత్త ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో టైమింగ్ దాని కంప్యూటరే చూసుకుంటది.

టైమింగ్ టైమింగ్ అంటారు, అసలు అదేంది?

పిస్టన్ పైకొస్తా లోపలున్న పెట్రోలు గాలిని నొక్కుతది, అది పూర్తిగా పైకి చేరకముందే ప్లగ్గు నిప్పు కొట్టాలి, ఎంత ముందు కొట్టాలనేదే టైమింగ్. ముందెందుకు అంటే పెట్రోలు ఠక్కున ఒకేసారి మండదు, మంట పాకడానికి కొంచెం టైం పడతది, పిస్టన్ పైకి చేరి కిందకి మళ్ళే వేళకి ఆ మంట బలం దాని నెత్తిన పడాలి. బోటుని అలల్లోకి తోసేటప్పుడు చూడండి, అల వచ్చి బోటుని లేపే క్షణంలో తోస్తే జారిపోద్ది, ముందే తోస్తే అల ఎదురు కొట్టి మన మీదకే వస్తది, ఆలస్యం చేస్తే ఇసకలో కూర్చుంటది. ఇదీ అంతే.

ఇంకోటి, ఇంజిన్ నిమిషానికి 1000 చుట్లు తిరిగేటప్పుడు ఒక చుట్టుకి 60 మిల్లీసెకన్లు పడతది, 5000 తిరిగేటప్పుడు 12 మాత్రమే. స్పీడు పెరిగేకొద్దీ నిప్పు ఇంకా ముందు పడాలన్నమాట. అందుకే మీరు హ్యాండిల్ తిప్పి రేసు పెంచితే ఫ్లైవీల్ (ఇంజిన్ నెత్తినుండే బరువు చక్రం) కింద ఉన్న ప్లేటు కూడా దాంతోపాటే తిరుగుద్ది. ఆ ప్లేటు ఉప్పుకి, ఎండిపోయిన గ్రీజుకి పట్టేసి కదలకపోతే ఎన్ని సెట్టింగులు చేసినా దండగే. ముందు కవర్ తీసి, హ్యాండిల్ తిప్పతా ఆ ప్లేటు సాఫీగా అటూ ఇటూ తిరుగుతుందో లేదో చూడండి, సగం కేసులు నాకు అక్కడే తేలిపోతాయి.

అన్నా, ఇంజిన్ లాగట్లేదు, టైమింగ్ పోయిందంటావా?

చాలాసార్లు కాదు. టైమింగ్ దానంతటది ఒక రాత్రిలో మారిపోయే వస్తువు కాదు, ఏదో అరిగితేనో, జారితేనో, ఎవరన్నా కెలికితేనో మారుద్ది. ముందు ప్లగ్గులు, ట్యాంకులో నీళ్ళు, కార్బురేటర్‌లో చెత్త, కంప్రెషన్, ఫ్యాను (నీళ్ళలో తిరిగే ప్రొపెల్లర్) లోపలి రబ్బరు బుష్ జారుతుందేమో, ఇవి చూడండి. రబ్బరు బుష్ జారితే ఇంజిన్ గోల చేస్తది బోటు కదలదు, అది చూసి టైమింగ్ అనుకుని ఫ్లైవీల్ ఊడదీసినోళ్ళు ఉండారు.

నిజంగా టైమింగే అయితే గుర్తులు ఇట్టా ఉంటాయి. నిప్పు ఆలస్యంగా పడతంటే ఫుల్ రేసులో బలం ఉండదు, ఇంజిన్ మామూలుకంటే వేడెక్కుద్ది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుద్ది. నిప్పు మరీ ముందు పడతంటే తాడు లాగినప్పుడు వెనక్కి గుంజుకుంటది, వేళ్ళు విరిగేంత పని చేస్తది, లోడు మీద గులకరాళ్ళు డబ్బాలో ఊపినట్టు టకటకమని శబ్దం వస్తది. ఈ రెండోది కనపడితే ఆ ఇంజిన్‌తో సముద్రంలోకి పోవద్దు, ఆరోజు వేట పోతే పోయింది.

నాది పాయింట్ల ఇంజినా, సీడీఐ ఇంజినా?

నిప్పు ఎప్పుడు పడాలో చెప్పేది తెరుచుకుని మూసుకునే బిళ్ళలైతే పాయింట్లు, అవి తెరుచుకున్న క్షణంలోనే నిప్పు పడుద్ది; ఆ పని ఎలక్ట్రానిక్ డబ్బా చేస్తే సీడీఐ. ఫ్లైవీల్‌కి ఉన్న కిటికీ లాంటి కంతలోంచి టార్చి వేసి చూడండి, లేదంటే ఫ్లైవీల్ తీయండి. చిన్న స్ప్రింగు చేయి, దాని చివర ఎదురెదురుగా రెండు బిళ్ళలు, పక్కన అగ్గిపుల్లల డబ్బాకంటే చిన్న కండెన్సర్ కనిపిస్తే పాయింట్లు. అవేమీ లేకుండా కాయిళ్ళు మాత్రమే ఉండి, వాటి వైర్లు బయట జిగురుతో మూసేసిన ఒక నల్ల డబ్బాలోకి పోతంటే సీడీఐ. సీడీఐలో అరిగేది ఏమీ ఉండదు, కాబట్టి దాంట్లో టైమింగ్ తప్పిందంటే లింకు రాడ్డు, ప్లేటు ఎంతదాకా తిరగాలో ఆపే స్క్రూ, ఫ్లైవీల్ కీ (షాఫ్టుకీ ఫ్లైవీల్‌కీ మధ్య ఉండే చిన్న ముక్క) ఈ మూడిట్లో ఒకటి చూడాలి, అవి బాగుంటే కాయిలో డబ్బానో పోయి ఉంటది.

ఫ్లైవీల్ తీసేటప్పుడు దయచేసి సుత్తితో అంచు మీద కొట్టొద్దు. లోపల అయస్కాంతాలు అతికించి ఉంటాయి, పగిలాయంటే ఇంక అతకవు. పైన మూడు బోల్టు కంతలు ఉంటాయి చూడండి, పుల్లర్ బిగించడానికే అవి.

పాయింట్ గ్యాప్ ఎంత పెట్టాలి?

గ్యాప్ అంటే పాయింట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఆ రెండు బిళ్ళల మధ్య ఉండే సందు. మీ ఇంజిన్ పుస్తకంలో ఎంతుంటే అంత. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ చిన్న రెండు సిలిండర్ల ఇంజిన్లకి 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు. మిగతా కంపెనీలకి అంతకంటే తక్కువ ఉండొచ్చు, ఒకదాని కొలత ఇంకోదానికి పెట్టొద్దు. ఎవిన్‌రూడ్ తయారీ 2020లోనే ఆగిపోయింది, పుస్తకం దొరికితే లామినేషన్ చేయించి దాచుకోండి.

ఇక్కడ చాలామందికి తెలియంది ఒకటుంది. గ్యాప్, టైమింగ్ వేరువేరు కాదు. గ్యాప్ పెంచితే పాయింట్ ముందే తెరుచుకుంటది, నిప్పు ముందు పడుద్ది. గ్యాప్ తగ్గితే ఆలస్యం. క్యాం (తిరగతా పాయింట్‌ని తెరిచే ఎత్తుపల్లాల ముక్క) మీద రుద్దుకునే ఆ గోధుమరంగు ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గతా వస్తది, ఏడాదికేడాది ఇంజిన్ నీరసపడినట్టు అనిపిస్తది, మనం ఇంజిన్ ముసల్దైపోయింది అనుకుంటాం. ముసల్దవలేదు, గ్యాప్ తగ్గింది. ఆ చిన్న పాత ఇంజిన్లు కొన్నిట్లో అయితే మనం మార్చగలిగింది ఆ గ్యాప్ ఒక్కటే, అది సరిగ్గా పెడితే టైమింగ్ దానంతటదే వచ్చి కూర్చుంటది. రెండు సిలిండర్లుంటే రెండు పాయింట్లూ ఒకే గ్యాప్ ఉండాలి, తేడా ఉంటే ఒక సిలిండర్ ముందు, ఒకటి వెనక కొడతది, ఇంజిన్ కుంటతన్నట్టు ఉంటది.

పాయింట్ పూర్తిగా తెరుచుకున్న చోట ఫ్లైవీల్ ఆపి, ఫీలర్ గేజ్ రేకు శుభ్రంగా తుడిచి, దూరిస్తే కొంచెం పట్టీపట్టనట్టు జారాలి. స్క్రూ బిగించాక మళ్ళీ కొలవండి, బిగించేటప్పుడు జరగడం మామూలే.

పాయింట్లు నల్లగా, పచ్చగా అయినయ్, గరుకు కాగితంతో రుద్దొచ్చా?

వద్దు. గరుకు కాగితం రవ్వలు ఆ బిళ్ళల్లో గుచ్చుకుపోయి ఉండిపోతాయి, వాటి మూలంగా మళ్ళీ కాలుతది. సన్నటి పాయింట్ ఫైలు రెండు మూడుసార్లు లాగి, తర్వాత పెళ్ళి కార్డు లాంటి మందపాటి కాగితం మధ్యలో పెట్టి మూసి లాగేయండి, అది నల్లగా రాకుండా ఉండేదాకా. కొత్త పాయింట్లకీ తుప్పు పట్టకుండా పల్చటి నూనె పూసి ఉంటారు, అది తుడవకపోతే కొత్తవే పనిచెయ్యవు. గుంటలు పడితే మార్చేయండి, మార్చేటప్పుడు కండెన్సర్ కూడా, ఎందుకంటే పాయింట్లు తొందరగా కాలిపోవడానికి సగం కారణం చచ్చిన కండెన్సరే.

టాప్ కనుక్కోవడం ఎట్టా? ప్లగ్గు కంతలో పుల్ల పెట్టి చూస్తే చాలదా?

చాలదు, ఇది మాత్రం ఓపిగ్గా చదవండి.

పిస్టన్ పై చివరికి చేరే చోటునే టాప్ అంటాం. అక్కడ పిస్టన్ దాదాపు నిలబడిపోద్ది, ఫ్లైవీల్ తిరగతానే ఉంటది. లెక్క చెప్తా, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్డు 100 మిల్లీమీటర్లు అనుకోండి, ఫ్లైవీల్ టాప్ నుంచి 5 డిగ్రీలు తిరిగినా పిస్టన్ దిగేది మిల్లీమీటర్‌లో పదో వంతుకి కొంచెం ఎక్కువ, అంతే. పుల్లతో అది ఎవరి చేతికి తెలుస్తది? పుల్ల పెట్టి పెట్టిన టాప్ అటు 5 ఇటు 5 తప్పుండొచ్చు, ఆ తప్పు మీద మనం సున్నితంగా టైమింగ్ పెట్టి ఏం లాభం.

సరైన పద్ధతికి పైసా ఖర్చు లేదు. పాత ప్లగ్గు ఒకటి తీసుకుని లోపలి పింగాణీ పగలగొట్టి తీసేసి, దాంట్లో మర తీయించి ఒక బోల్టు బిగించండి, బోల్టు కొస గుండ్రంగా నున్నగా రాయించాలి, పదునుంటే పిస్టన్ గీరుకుంటది. రెండు ప్లగ్గులూ తీసేసి, ఒకటో సిలిండర్‌లో, అంటే పైదాంట్లో, ఈ బోల్టు ప్లగ్గు బిగించండి. ఇప్పుడు ఫ్లైవీల్‌ని చేత్తోనే, నెమ్మదిగా, గడియారం తిరిగే వైపు తిప్పితే పిస్టన్ వచ్చి బోల్టుకి ఆనుకుని ఆగుద్ది. పాయింటర్‌కి (ఫ్లైవీల్ పక్కన కదలకుండా ఉండే గుర్తు ముల్లు) ఎదురుగా ఫ్లైవీల్ మీద గీత పెట్టండి. తర్వాత వెనక్కి తిప్పండి, అటు నుంచి వచ్చి మళ్ళీ ఆగుద్ది, అక్కడ ఇంకో గీత. రెండు గీతల మధ్య దగ్గర దూరం కొలిచి సరిగ్గా నడిమికి ఒక గీత పెట్టండి, అదీ టాప్. బోల్టు ఎంత లోపలికి ఉంది, కొంచెం వంకరుందా అనే బాధే లేదు, ఎందుకంటే రెండు వైపులా ఒకే తప్పు వచ్చి నడిమికి వచ్చేసరికి కొట్టుకుపోద్ది. ఈ పద్ధతి మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఒక జాగ్రత్త. ఫ్లైవీల్ వెనక్కి తిప్పితే కింద నీళ్ళ పంపు ఇంపెల్లర్ రెక్కలు కూడా వెనక్కి మడతపడతాయి, గేరు న్యూట్రల్‌లో ఉన్నా ఇంపెల్లర్ తిరుగుద్ది. ఒక్కసారి నిదానంగా అయితే ఏమీ కాదు. ఇంపెల్లర్ మార్చడానికి గేర్ కేస్ దించినప్పుడే ఈ పని పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఫ్లైవీల్ మీద డిగ్రీల గీతలు చెరిగిపోయినయ్, ఇప్పుడెట్టా?

టేపుతో ఫ్లైవీల్ చుట్టుకొలత కొలిచి 360తో భాగించండి. ఉదాహరణకి అడ్డకొలత 180 మిల్లీమీటర్లుంటే చుట్టుకొలత 565 చిల్లర, డిగ్రీకి 1.57 మిల్లీమీటర్లు వస్తది. 20 డిగ్రీలు కావాలంటే టాప్ గీత నుంచి 31.4 మిల్లీమీటర్లు. ఏ వైపు కొలవాలో ఆలోచించి పెట్టండి, ఫ్లైవీల్ తిరిగేటప్పుడు పాయింటర్ కాడికి ముందు ఈ గీత రావాలి, తర్వాతే టాప్ గీత రావాలి. తెల్ల ఎనామిల్ లేదా ఇంట్లో గోళ్ళరంగు ఉంటే దాంతో సన్నగా గీయండి, లావు గీత గీస్తే గీతే రెండు డిగ్రీలు ఉంటది.

కొన్ని పుస్తకాల్లో డిగ్రీలకి బదులు టాప్ కంటే ఇన్ని మిల్లీమీటర్ల ముందు అని ఉంటది, అది పిస్టన్ దిగిన దూరం, ఫ్లైవీల్ అంచు మీద దూరం కాదు, రెండూ కలిపేసుకోవద్దు. పైన చెప్పిన కొలతల ఇంజిన్‌కి 20 డిగ్రీలంటే పిస్టన్ దగ్గర 1.87 మిల్లీమీటర్లు, 25 డిగ్రీలంటే 2.9. దానికి ప్లగ్గు కంతలో పెట్టే డయల్ గేజ్ కావాలి, అదీ ప్లగ్గు కంత పిస్టన్‌కి నేరుగా ఉన్న ఇంజిన్లకే.

పాయింట్ ఎప్పుడు తెరుచుకుందో కంటికి కనపడదు కదా?

మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టండి, ఒక వైరు పాయింట్‌కి ఒకటి ఇంజిన్ బాడీకి. కాయిలు వైరు, కండెన్సర్ వైరు పాయింట్ నుంచి ఊడదీయడం మర్చిపోవద్దు, కాయిలు లోపలి తీగకి అడ్డు చాలా తక్కువ, అది కలిసుంటే పాయింట్ తెరుచుకున్నా బీప్ ఆగదు. ఫ్లైవీల్ మెల్లగా ముందుకే తిప్పండి, బీప్ ఆగిన క్షణంలో మీ గీత పాయింటర్ ఎదురుగా ఉండాలి. ఫుల్ రేసు టైమింగ్ చూడాలంటే హ్యాండిల్ ఫుల్‌కి తిప్పి పెట్టి చూడాలి. దాటిపోతే వెనక్కి తెచ్చి మళ్ళీ ముందుకి రండి, వెనక్కి వచ్చేటప్పుడు చూసిన రీడింగ్ నమ్మొద్దు.

టైమింగ్ లైట్ కొన్నా, డ్రమ్ములో పెట్టి ఫుల్ రేసు ఇచ్చి చూడొచ్చా?

సీడీఐకి లైట్ మంచిదే. ప్లగ్గు నిప్పు కొట్టినప్పుడల్లా అది మెరుస్తది, ఆ మెరుపులో ఫ్లైవీల్ మీద గీత నిలబడినట్టు కనపడుద్ది. క్లిప్పు ఒకటో సిలిండర్ ప్లగ్గు వైరుకి, లైటుకి 12 వోల్టుల బ్యాటరీ. ఎండలో గీత కనపడదు, షెడ్డులోనో పొద్దుగుంకాకో చూడండి. నీళ్ళ డ్రమ్ములో ఐడిల్ (రేసు ఇవ్వకుండా నెమ్మదిగా తిరిగేటప్పటి) టైమింగ్ చూసుకోవచ్చు, నీళ్ళు పంపుకి బాగా పైన ఉండాలి. ఫుల్ రేసు మాత్రం డ్రమ్ములో వద్దు. న్యూట్రల్‌లో లోడు లేక చుట్లు అదుపు తప్పుతాయి, గేరు వేస్తే డ్రమ్ములో నీళ్ళు నురగైపోయి పంపుకి గాలి పోద్ది. బోటుని బకింగ్‌హాం కాలవలోనో ఏటి మొగలోనో గట్టి మోకులతో రెండు పక్కలా కట్టి, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, గేరు వేసి చూడాలి, ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు హ్యాండిల్ ఒకరు లైటు. లుంగీ, తువ్వాలు ఫ్లైవీల్ దగ్గరకి రానీయొద్దు.

గీత తప్పితే ఫుల్ అడ్వాన్స్ (నిప్పు అన్నిటికంటే ముందు పడే చోటు) దగ్గర ప్లేటుని ఆపే స్క్రూ ఉంటది, దాని లాక్ నట్టు వదులు చేసి కొంచెం తిప్పి మళ్ళీ చూడండి. ఇంజిన్ ఆపేసే తిప్పండి, తిరిగేటప్పుడు చేతులు పెట్టొద్దు. ప్లగ్గు వైర్లు గాల్లో వదిలి సీడీఐ ఇంజిన్ తాడు లాగొద్దు, బాడీకి ఆనించి ఉంచండి, లేకపోతే ఆ డబ్బా కాలిపోయే ప్రమాదం ఉంది.

కొంచెం అడ్వాన్స్ చేస్తే స్పీడు వస్తదంట కదా? మాది కిరసనాయిలు ఇంజిన్.

ఇది అడిగినప్పుడల్లా నాకు గుండె దడగా ఉంటది. పెట్రోలు కంటే కిరసనాయిలు నొక్కుడుకి తట్టుకోలేదు, ప్లగ్గు నిప్పు పెట్టిన మంట చేరకముందే మిగతాది దానంతటది పేలిపోద్ది, ఆ టకటక శబ్దం అదే. అందుకే కిరసనాయిలు రకం ఇంజిన్లకి కంపెనీ వాళ్ళే కంప్రెషన్ తగ్గించి చేస్తారు. పెట్రోలు రకం పుస్తకం చూసి కిరసనాయిలు ఇంజిన్‌కి టైమింగ్ పెట్టారంటే, పిస్టన్‌ని చేతులారా చంపుకున్నట్టే.

మా బాబాయి ఇంజిన్ ఒకసారి ఒక షెడ్డులో ఇట్టాగే ముందుకి జరిపారు. రెండు రోజులు బోటు ఎగిరింది, బాబాయి మురిసిపోయాడు. మూడోరోజు వేట ముగించుకుని వస్తా ఉంటే ఇంజిన్ ఒక్కసారి బుస్సుమని ఆగిపోయింది, అప్పటికే దక్షిణం గాలి లేచింది, సెల్లు సిగ్నల్ లేదు, వేరే ఊరి బోటు చూసి మోకు వేసి లాక్కొచ్చేసరికి రాత్రి పది. పిన్ని ఇసకలోనే కూర్చుని ఉంది అప్పటిదాకా. ఇంజిన్ నేనే విప్పాను, పిస్టన్ నెత్తిన శనగ గింజంత బొక్క. ఆరోజు నుంచి పుస్తకంలో ఉన్న అంకెకంటే ముందుకి నేను జరపను, ఎవరు బతిమాలినా జరపను. అనుమానం ఉంటే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కే ఉంచుతా, కొంచెం బలం తగ్గుద్ది, మనిషి ఇంటికొస్తాడు.

స్టార్ట్ చేసేది పెట్రోలు మీదే, ఇంజిన్ వేడెక్కాకే కిరసనాయిలుకి మార్చండి, ఆపేముందు మళ్ళీ పెట్రోలు మీదకి. టైమింగ్ లైట్ పెట్టేది కూడా ఇంజిన్ వేడెక్కి, రేసు నిలకడగా ఉన్నాకే.

అన్నీ సరిగ్గా పెట్టా, అయినా గుర్తు ఒకచోట నిలబడట్లేదు?

ఫ్లైవీల్ రెండు చేతుల్తో పట్టుకుని పక్కకి ఊపి చూడండి. ఆడుతుందంటే పై బేరింగ్ అరిగింది, దాంతోపాటు క్యాం కూడా ఊగుద్ది, గ్యాప్ ఒక్కో చుట్టుకి ఒక్కోటి వస్తది, బేరింగ్ మార్చకుండా టైమింగ్ కుదరదు.

ఆడకపోతే ఫ్లైవీల్ తీసి కీ చూడండి. అర్ధచంద్రం ఆకారంలో చిన్న ముక్క అది, ఫ్యాను రాతికో వలకో తగిలి ఇంజిన్ ఠక్కున ఆగినప్పుడు సగం తెగుద్ది, ఫ్లైవీల్ కొంచెం జరిగిపోద్ది, గీతలన్నీ అబద్ధం చెప్తాయి. ఫ్లైవీల్‌ని పట్టి ఉంచేది కీ కాదు, ఆ ఏటవాలు షాఫ్టు బిగుతు. కాబట్టి షాఫ్టు, ఫ్లైవీల్ లోపలి కంత రెండూ పెట్రోలుతో తుడిచి పొడిగా ఆరనిచ్చి, గ్రీజు గానీ నూనె గానీ రాయకుండా ఎక్కించి, నట్టు పుస్తకంలో చెప్పినంత టార్క్ రెంచితో బిగించాలి. గ్రీజు రాస్తే మళ్ళీ తీసేటప్పుడు సులువని కొందరు రాస్తారు, అట్టా రాస్తే కీ మళ్ళీ తెగుద్ది.

ముందు కార్బురేటర్ సెట్ చెయ్యాలా, టైమింగా?

టైమింగే ముందు. అది పెట్టాక, హ్యాండిల్ తిప్పితే థ్రాటిల్ క్యాం (హ్యాండిల్‌తోపాటు కదిలే వంపు ముక్క) కార్బురేటర్ రోలర్‌ని తాకే చోట ఒక గీత ఉంటది, అక్కడ తాకినప్పుడే కార్బురేటర్ తెరుచుకోవడం మొదలవ్వాలి. ఆ లింకు తర్వాత ఐడిల్. తిరగేసి చేస్తే మొదటికొస్తది.

ఎన్నాళ్ళకోసారి చూడాలి?

పాయింట్లయితే ఏడాదికోసారి, వేట నిషేధంలో. సీడీఐ అయితే ఫ్లైవీల్ తీసినప్పుడల్లా, ఫ్యాను దేనికన్నా గట్టిగా తగిలినప్పుడల్లా. నేనైతే ఇంజిన్ కవర్ లోపలి పక్కన పెయింటుతో తారీకు, గ్యాప్, ఫుల్ రేసు డిగ్రీలు రాసి పెడతా, ఇంజిన్ చేతులు మారినా ఆ రాత దాంతోనే పోతది. మీ కవర్ లోపల ఇప్పటికే ఎవరిదన్నా రాత ఉంటే చెరపకండి, దాని కిందే మీది రాయండి.